పెద్ద నిర్ణయానికి ముందు ఒంటినీ మనసునూ కుదుటపరచుకోవడం ఎలా: ఏడు రోజుల పద్ధతి

"అన్నా, ఆఫర్ వచ్చింది, జాయినవ్వమంటావా?" "ఫ్లాట్ చూశాం, టోకెన్ కట్టేయమంటున్నారు, ఏం చేద్దాం?" "ఇక్కడ నా వల్ల కావట్లేదు, ఊరెళ్లిపోదామనుంది."

బెంగళూరు మారతహళ్లిలో పదేళ్లకు పైగా ఉంటున్నాను. ఇలాంటి ఫోన్లు రాని నెల లేదు. ఎవరు చేసినా నేను మొదట అడిగేది జీతం గురించో, చదరపు అడుగు రేటు గురించో కాదు. "నిన్న రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావు? మధ్యాహ్నం ఏం తిన్నావు?" అని అడుగుతాను. చాలామంది కాసేపు ఏమీ మాట్లాడరు. తర్వాత, "సరే, ఇప్పుడేం చేయాలో వరసగా చెప్పు" అంటారు. ఆ వరస ఇది.

ఉద్యోగం, ఇల్లు, పెళ్లి, పెద్ద అప్పు, ఊరు మారడం వంటి వాటికి ఈ ఏడు రోజులు కేటాయించండి. రోజువారీ చిన్న విషయాలకు ఇంత అక్కర్లేదు.

1. మొదటి రోజు: నిర్ణయాన్ని ఒక్క వాక్యంలో రాయండి

కాగితం, పెన్ను తీసుకోండి. ఫోన్‌లో వద్దు, నోట్స్ తెరిచిన వేలు వాట్సాప్ మీదకు పోతుంది.

"నా లైఫ్ ఏం చేసుకోవాలి" అని రాస్తే అది నిర్ణయం కాదు, దిగులు. "20వ తేదీలోపు ఈ ఆఫర్‌కు సరే అనాలా, వద్దా" అని రాస్తే అది నిర్ణయం. వాక్యంలో తేదీ ఉండాలి, చేయాల్సిన పని ఉండాలి. దాని కింద ఈ మూడింటికి జవాబు రాయండి:

☐ గడువు ఎప్పటివరకు? ఆ గడువు పెట్టింది ఎవరు?
☐ తర్వాత వెనక్కి తీసుకోవచ్చా? తీసుకుంటే ఎంత పోతుంది?
☐ ఇవాళ చెప్పకపోతే నిజంగా ఏమవుతుంది?

"ఈ రేటు ఇవాళ రాత్రి వరకే" అన్నది అమ్మేవాళ్ల గడువు. "ఇంట్లో మాట్లాడి వచ్చే సోమవారం చెబుతాను" అనండి. ఈ ఒక్క మాట ముందే నోటికి వచ్చేలా పెట్టుకోండి, అడిగినప్పుడు తడుముకోకుండా ఉంటారు.

చట్టం కూడా కొంత వ్యవధి ఇస్తుంది. ఇళ్లు, ప్లాట్లు అమ్మే బిల్డర్లను నియంత్రించే రెరా చట్టం 13వ సెక్షన్ ప్రకారం, రిజిస్టర్ చేసిన అగ్రిమెంట్ లేకుండా బిల్డర్ ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. జీవిత బీమా పాలసీ చేతికొచ్చాక నచ్చకపోతే 30 రోజుల్లోపు వెనక్కి ఇచ్చేయవచ్చు. ఇవి తెలిసి ఉంటే ఎదుటివాళ్ల తొందర మీకు అంటుకోదు.

2. అదే రోజు: ఒంటి లెక్క చూసుకోండి

ఆరేళ్ల కిందట నేను ఈ లెక్క చూసుకోలేదు. ఆ వారం ఆఫీసులో రిలీజ్. మూడు రాత్రులు రెండింటికి పడుకుని ఏడింటికి లేచాను. శనివారం సర్జాపూర్ రోడ్డు వైపు సైట్ చూడటానికి వెళ్లాం. పొద్దున టిఫిన్ లేదు, రెండు కాఫీలు మాత్రం పడ్డాయి. మధ్యాహ్నం మూడున్నరకు సైట్ ఆఫీసు ఏసీలో కూర్చున్నాను. ఎదురుగా ఉన్న కుర్రాడు ఖర్చుల షీట్ నా ముందుకు జరిపాడు. పై నుంచి కింది దాకా చూశాను. సంతకం పెట్టేటప్పుడు వేళ్లు కొద్దిగా వణికాయి. సంతోషం అనుకున్నాను. లక్ష రూపాయల టోకెన్ కట్టేశాను.

ఇంటికొచ్చి అన్నం తిని పడుకుంటే ఆదివారం పదకొండింటికి మెలకువ వచ్చింది. పెరుగన్నం తింటూ అదే షీట్ మళ్లీ తీశాను. కార్ పార్కింగ్, క్లబ్ హౌస్, పై అంతస్తు చార్జి, రెండేళ్ల మెయింటెనెన్స్ అన్నీ విడివిడిగా ఉన్నాయి. కలిపితే అనుకున్నదానికి పదకొండు లక్షలు ఎక్కువ. ఎవరూ ఏదీ దాచలేదు. నిన్న నా కళ్లముందు ఉన్న అంకెలే అవి. క్యాన్సిల్ చేస్తే నాలుగు నెలల తర్వాత నలభై వేలు తిరిగొచ్చాయి.

అందుకే ఈ పట్టిక. నిజం రాయండి, చూసేది మీరొక్కరే.

☐ గత మూడు రాత్రులు కనీసం ఏడేసి గంటలు పడుకున్నాను
☐ ఇవాళ టిఫిన్, భోజనం వేళకు తిన్నాను
☐ ఈ పది రోజుల్లో జ్వరం రాలేదు
☐ తలనొప్పి, నడుంనొప్పి, పంటినొప్పి లాంటివి ఓర్చుకుంటూ తిరగడం లేదు
☐ నిన్న మందు తాగలేదు
☐ ఈ వారం మూడుసార్లయినా చెమట పట్టేలా నడిచాను
☐ ఈ రెండు రోజుల్లో ఇంట్లోగానీ ఆఫీసులోగానీ గట్టి గొడవ జరగలేదు

రెండు గడులు ఖాళీగా ఉన్నా ఇవాళ సరే అని గానీ, వద్దు అని గానీ చెప్పకండి. వద్దు అనడం కూడా నిర్ణయమే. అలసిపోయినవాళ్లు మంచి అవకాశాలను వదులుకోవడం నేను చాలాసార్లు చూశాను.

డెంగీ, వైరల్ జ్వరం తగ్గాక నీరసం వారాల తరబడి ఉండొచ్చు. నెలసరికి ముందు రోజుల్లో విసుగు, ఏడుపు ఎక్కువయ్యేవాళ్లు నిర్ణయం తీసుకునే రోజును నెలసరి తర్వాతకు జరుపుకోండి. పసిబిడ్డ ఉన్న ఇంట్లో తల్లికి మొదటి గడిలో టిక్ పడటం కష్టం, కాబట్టి ముందు ఆమె నిద్ర సంగతి ఇంట్లోవాళ్లంతా కలిసి చూడాలి.

3. ఒకటి నుంచి మూడో రోజు వరకు: మూడు రాత్రులు నిద్రపోండి

అన్నిటికంటే బరువైన మెట్టు ఇదే. మిగతావి కుదరకపోయినా దీన్ని మాత్రం వదలకండి.

1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఒకటి తేల్చారు. వరసగా 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి పనితీరు, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల మద్యం ఉన్న మనిషి పనితీరులా తగ్గిపోతుంది. మన దేశంలో బండి నడిపేవాళ్లకు చట్టం పెట్టిన హద్దు 30 మిల్లీగ్రాములు. పొద్దున ఆరింటికి లేచి, సిల్క్ బోర్డు ట్రాఫిక్ దాటి, అమెరికా వాళ్లతో కాల్ ముగించుకుని రాత్రి పదకొండింటికి లోన్ కాగితాలు చూస్తున్నారంటే మీరు ఆ స్థితిలో ఉన్నారు. బండి తాళం ఇవ్వకూడని మనిషి చేతిలో ఇరవై ఏళ్ల ఈఎంఐ పెడుతున్నారు.

ఇంకొకటి. సింగపూర్‌లో జరిగిన పరిశోధనల్లో, నిద్ర లేని రాత్రి తర్వాత మనిషికి లాభం వస్తుందన్న ఆశ పెరిగి, నష్టం మనసుకు అంతగా గుచ్చుకోనట్టు కనిపించింది. నా శనివారం మధ్యాహ్నం సంగతి నాకు అప్పుడు అర్థమైంది.

చేయాల్సినవి:

☐ మూడు రాత్రులూ ఒకే వేళకు పక్క ఎక్కండి. పదకొండున్నర అయినా పరవాలేదు, మూడు రోజులూ అదే ఉండాలి.
☐ మధ్యాహ్నం రెండు తర్వాత కాఫీ, టీ వద్దు. సాయంత్రం నాలుగింటికి తాగిన కాఫీలోని కెఫీన్ దాదాపు సగం రాత్రి తొమ్మిదికీ ఒంట్లోనే ఉంటుంది.
☐ ఫోన్ ఛార్జర్‌ను వంటింట్లో పెట్టండి. అలారానికి మామూలు గడియారం కొనుక్కోండి.
☐ పడుకునే ముందు ఆలోచనలు తిరుగుతుంటే రేపు చూడాల్సినవి నాలుగు లైన్లు రాసి కాగితం మడిచేయండి.
☐ పావుగంటకు పైగా దొర్లుతుంటే లేచి ఇంకో గదిలో తక్కువ వెలుతురులో కూర్చోండి. నిద్ర ముంచుకొచ్చినప్పుడే మళ్లీ వెళ్లండి.

నైట్ షిఫ్ట్ వాళ్లు వేళను పట్టుకోకండి, గంటలను పట్టుకోండి. పగలు గది చీకటి చేసుకుని ఏడు గంటలు పడుకున్న మూడు రోజులు లెక్కేసుకోండి. షిఫ్ట్ దిగి వచ్చిన పొద్దున మాత్రం ఏ సంతకమూ పెట్టకండి.

4. తిండి, నీళ్లు, నడక

తిండి విషయంలో కొత్త డైట్లు మొదలుపెట్టే వారం కాదిది. వేళకు తినడమే పని. పొద్దున దర్శిని హోటల్లో రెండు ఇడ్లీ ఒక వడ, మధ్యాహ్నం పప్పన్నం, రాత్రి తేలికగా ఏదైనా తింటే చాలు. రాత్రి పదింటికి భారీగా బిర్యానీ తినే అలవాటుంటే ఈ వారం మధ్యాహ్నానికి మార్చుకోండి, నిద్ర బాగుంటుంది.

నడక రోజుకు అరగంట. ఆగర చెరువు, కైకొండ్రహళ్లి చెరువు, మెట్రో దిగితే కబ్బన్ పార్క్, ఏది దగ్గరైతే అది. చెవుల్లో ఏమీ పెట్టుకోకండి. వారానికి 150 నిమిషాలు కాస్త వేగంగా నడవమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులకు ఆ లెక్క సరిపోతుంది.

5. బడలిక తగ్గకపోతే రక్త పరీక్ష

మదనపల్లె నుంచి వచ్చి బీటీఎం పీజీలో ఉంటున్న ఒకమ్మాయి, నాకు చెల్లెలి వరస. "నాకు ఈ ఉద్యోగం చేసే తెలివి లేదు, రిజైన్ చేసేస్తా" అని ఏడ్చింది. మూడు వారాలు బాగా పడుకున్నా పొద్దున లేచేసరికి అలసటే. మెట్లెక్కితే ఆయాసం. డాక్టరు పరీక్షలు రాశారు. హిమోగ్లోబిన్ 8.4, బీ12 బాగా తక్కువ. మందులు వాడిన రెండు నెలలకు రాజీనామా మాట తనే ఎత్తడం మానేసింది. తెలివి ముందూ అంతే ఉంది, తర్వాతా అంతే ఉంది.

ఇది అరుదు కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత కనిపించింది. బీ12 ఎక్కువగా మాంసం, చేపలు, గుడ్లు, పాలల్లో దొరుకుతుంది కాబట్టి శాకాహారులకు లోటు పడే అవకాశం ఎక్కువ. థైరాయిడ్ మందగించినా మనిషి డీలా పడిపోతాడు, ఏదీ తేల్చుకోలేడు.

డాక్టరును ఇలా అడగండి: "హిమోగ్లోబిన్, బీ12, థైరాయిడ్, షుగర్ చూడాల్సిన అవసరం ఉందా?" మాత్రలు సొంతంగా మొదలుపెట్టకండి.

6. నాలుగో రోజు: "టెన్షన్" అన్న మాటను విప్పండి

మనం అన్నిటికీ టెన్షన్ అనేస్తాం. పరీక్ష టెన్షన్, పెళ్లి టెన్షన్, మేనేజర్ టెన్షన్. ఆ ఒక్క మాట కింద పది వేర్వేరు సంగతులు ఉంటాయి. తెలుగులో వాటన్నిటికీ మంచి పేర్లున్నాయి. సరైన పేరు పెట్టగానే గుండె దడ కొంత దిగుతుంది. కలిగిన భావాన్ని మాటల్లో పెట్టినప్పుడు మెదడులో భయానికి సంబంధించిన భాగం నెమ్మదించినట్టు 2007లో అమెరికా పరిశోధకులు చూపించారు.

కాగితం తీసి, నిర్ణయం గుర్తొచ్చినప్పుడు లోపల ఏముందో రాయండి. పక్కన ప్రశ్నకు జవాబు రాయండి.

- భయం: సరిగ్గా దేని గురించి? జరగబోయేదా, ఎప్పుడో జరిగినదా?
- బెంగ: ఎవరి మీద? ఒకసారి ఊరెళ్లి చూసొస్తే తగ్గుతుందా?
- ఉక్రోషం: ఎవరికి చూపించాలని ఈ పని చేస్తున్నాను?
- ఆత్రం: ఇది పోతే మళ్లీ దొరకదని నాకు చెప్పింది ఎవరు?
- చిన్నబోవడం: ఎవరి ముందు? ఆ మనిషి మాట ఐదేళ్ల తర్వాత గుర్తుంటుందా?
- ఊపు: బోనస్ పడిందనా, ఎవరో మెచ్చుకున్నారనా?

చివరిది మర్చిపోకండి. మనసు బాగోలేనప్పుడు నిర్ణయాలు వద్దని అందరికీ తెలుసు. ఇంక్రిమెంట్ లెటర్ వచ్చిన సాయంత్రం ఒప్పుకున్న అప్పుల గురించి ఎవరూ చెప్పరు.

ఇక మొహమాటం. మన తెలుగువాళ్లు ఎక్కువగా డబ్బు పోగొట్టుకునేది దీనివల్లేనని నా గట్టి నమ్మకం. బాబాయి కొడుకు తెచ్చిన పాలసీ, ఊరివాళ్ల చీటీ, కొలీగ్ లోన్‌కు షూరిటీ సంతకం. వీటిలో దేన్నీ మనం లెక్క చూసి తీసుకోం, ఎదుటి మనిషి ముఖం చూసి తీసుకుంటాం. పరీక్ష ఇది: "ఇదే పని ముక్కూముఖం తెలియని మనిషి అడిగితే చేస్తానా?" కాదు అని వస్తే, ఉన్నది మొహమాటమే. అప్పుడు ఎదురుగా కూర్చుని జవాబు చెప్పకండి. ఇంటికొచ్చి, తిని, పడుకుని, మర్నాడు ఫోన్‌లో చెప్పండి: "లెక్క చూసుకున్నాను, ఈ ఏడాది నాకు కుదరదు. ఏమనుకోవద్దు." కారణాలు పేర్చకండి. ఒక్కో కారణానికి వాళ్ల దగ్గర ఒక్కో పరిష్కారం ఉంటుంది.

7. ఐదో రోజు: ముగ్గురితో మాట్లాడండి

ఆ విషయం తెలిసినవాళ్లు ఒకరు, మీరు తెలిసినవాళ్లు ఒకరు, మీ నిర్ణయం బరువు మోసేవాళ్లు ఒకరు. ముగ్గురూ వేర్వేరు మనుషులైతే మంచిది.

"నేను సరేనందామనుకుంటున్నా, ఏమంటారు?" అని మొదలుపెడితే చాలామంది తలూపుతారు. "ఇదీ సంగతి. నేను అడగాల్సింది ఏదైనా మర్చిపోయానా?" అని అడిగి వినండి.

అమ్మకు ఫోన్ చేసేముందు తినండి. ఖాళీ కడుపుతో చేస్తే గొంతులోనే తెలిసిపోతుంది, ఇక ఆమె మాట్లాడేది మీ ఆరోగ్యం గురించే. భార్యాభర్తలు మాట్లాడుకోవాల్సింది పిల్లలు పడుకున్నాక రాత్రి పదిన్నరకు కాదు. ఇద్దరూ అలసిపోయి ఉంటారు, పదో నిమిషానికి మాట అత్తగారింటికో, పాత గొడవకో పోతుంది. శనివారం టిఫిన్ అయ్యాక కూర్చోండి.

ఆరో రోజు ఆ మాటే ఎత్తకండి. నడవండి, గుడికి వెళ్లండి, బట్టలు మడత పెట్టుకోండి.

8. ఏడో రోజు: కూర్చోండి

1. పొద్దున ఎనిమిది, పదకొండు మధ్య వేళ పెట్టుకోండి. టిఫిన్ తిని, ఇరవై నిమిషాలు నడిచి రండి.
2. రెండో అంశంలోని పట్టిక మళ్లీ నింపండి. రెండు గడులు ఇంకా ఖాళీగా ఉంటే ఇంకో రెండు రోజులు జరపండి.
3. ఫోన్ ఇంకో గదిలో పెట్టి నలభై ఐదు నిమిషాలు కూర్చోండి. మొదటి రోజు వాక్యం, అంకెలు, ముగ్గురూ చెప్పింది, అన్నీ ఒకసారి చదవండి.
4. మధ్యాహ్నం దాకా "సరే" అన్నట్టే ఉండండి. ఆ ఆఫీసుకు వెళ్లే దారి, ఆ ఈఎంఐ పోగా మిగిలే జీతం ఊహించుకోండి. మధ్యాహ్నం నుంచి "వద్దు" అన్నట్టే ఉండండి. ఏ పూట ఊపిరి తేలిగ్గా ఆడిందో, ఏ పూట కడుపులో పట్టేసినట్టు ఉందో రాయండి. అంకెలకు ఇది బదులు కాదు. రెండూ ఒకవైపే చూపిస్తే ముందుకు వెళ్లండి, వేరువేరుగా చూపిస్తే ఆరో అంశానికి వెళ్లి మళ్లీ పేర్లు పెట్టండి.
5. సాయంత్రం నిర్ణయం, దానికి మూడు కారణాలు, తేదీతో సహా రాయండి. మెయిల్ మాత్రం మర్నాడు పొద్దున పదింటికి పంపండి.

9. ఎక్కువగా జరిగే తప్పులు, సవరణలు

"ఏడు రోజులు అడిగితే ఆఫర్ పోతుంది." మూడు రోజులు అడగండి. మూడు రాత్రుల నిద్ర, "టెన్షన్"కు పేర్లు పెట్టడం, కూర్చోవడం, ఇంతే చేయండి. ఒక్క రోజు కూడా ఇవ్వనివాళ్లు రేపు సెలవు అడిగితే ఎలా ఉంటారో కూడా ఆలోచించండి.

ఆరోగ్యం పేరు చెప్పి వాయిదా వేస్తూ పోవడం. ఏడు రోజులను రెండోసారి పొడిగించారంటే కావాల్సింది నిద్ర కాదు. "ఏం తెలిస్తే తేల్చగలను?" అని రాసి, దాని వెంట పడండి.

ఒక్క నిర్ణయంతో పాటు ఇంకో మూడు తేల్చుకోవాలనుకోవడం. ఉద్యోగం మారే వారంలో ఇల్లు, పిల్లల స్కూలు ముట్టుకోకండి.

10. వారం సరిపోనప్పుడు

రెండు వారాలకు పైగా దాదాపు రోజూ దిగులుగా ఉండటం, ఏదీ ఇష్టం లేకపోవడం, నిద్ర, ఆకలి చెడిపోవడం, చిన్న విషయం కూడా తేల్చుకోలేకపోవడం ఉంటే పట్టికలు పక్కన పెట్టి డాక్టరును కలవండి. రాజీనామా, విడాకులు, ఊరు వదలడం వంటివి చికిత్స మొదలయ్యాక, డాక్టరుతో మాట్లాడాక చూడండి. అయితే ఇంట్లో కొడుతున్నా, బెదిరిస్తున్నా ఆగాల్సిన పని లేదు, ముందు అక్కడినుంచి బయటపడండి.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. బెంగళూరు హోసూరు రోడ్డులో ఉన్న మానసిక వైద్యశాల నిమ్హాన్స్‌కు రాయలసీమ నుంచి రోజూ మనవాళ్లు వస్తుంటారు, భాష గురించి జంకకండి. చనిపోవాలనిపిస్తుంటే ఒంటరిగా ఉండకండి. పక్కన ఉన్నవాళ్లకు చెప్పి వెంటనే ఫోన్ చేయండి, లేదా నిమ్హాన్స్ ఎమర్జెన్సీకి వెళ్లండి, అది రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది.

11. గంట కూడా లేనప్పుడు

ఎక్కువగా ఇది ఆసుపత్రిలో జరుగుతుంది. అనంతపురం నుంచి అంబులెన్స్‌లో నాన్నను తెచ్చి ఉంటారు, అర్ధరాత్రి కాగితం ఇచ్చి సంతకం పెట్టమంటారు.

☐ మొదట అడగండి: "ఇప్పుడే చేయాలా, పొద్దున దాకా ఆగవచ్చా? ఆగితే ఏమవుతుంది?" ఇప్పుడే అంటే సంతకం పెట్టండి, మిగతా గడులు వదిలేయండి.
☐ ఆగవచ్చు అంటే గ్లాసు నీళ్లు తాగి, అరటిపండో బిస్కెట్లో తినండి.
☐ కూర్చుని ఐదు నిమిషాలు నెమ్మదిగా ఊపిరి తీయండి. ఐదు లెక్కపెడుతూ లోపలికి, ఐదు లెక్కపెడుతూ బయటికి.
☐ డాక్టరు చెప్పింది మీ మాటల్లో తిరిగి చెప్పి, సరేనా అని అడగండి.
☐ ప్రయాణం చేయని మనిషి, బాగా నిద్రపోయి లేచిన మనిషి ఎవరైనా ఉంటే ఫోన్ చేసి కాగితం చదివి వినిపించండి.

వచ్చినవాళ్లందరూ ఐసీయూ బయట తెల్లవార్లూ కూర్చోవద్దు. ఇద్దరు మెలకువగా ఉండి మిగతావాళ్లను పంపించేయండి. పొద్దున సంతకం పెట్టాల్సిన మనిషిని అందరికంటే ముందు పడుకోబెట్టండి.